అడుగు నా డ్యూటీ

జెల్ల చేపలు అమ్మి నాకే జెల్ల కొట్టారు కదా బాబూ! ఇదిగో, ఈ సీసాలోకి చూడండి. పైనుంచి కాదు, పక్కనుంచి. ఆ కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుంటే ఏం కనపడుతుంది, కిందికి దించండి. ఏవీ మీసాలు? మీరిచ్చిన రోజున మూతికి అటూ ఇటూ వేలాడుతూ ఉన్నాయా లేదా? ఇప్పుడు చూడండి, ఎవరో కూర్చోబెట్టి గీకేసినట్టుంది. ఇదొక్కటే కాదు, ఇంటి దగ్గరున్న అయిదింటిదీ ఇదే వరస.

మీసాల చేపలని చెప్పి ఇచ్చారు. మీసాలేవండీ మరి?

వద్దు, కూర్చోను. కూర్చోడానికి రాలేదు, తేల్చుకుందామని వచ్చాను. సరే, స్టూలు వేశారు కాబట్టి కూర్చుంటాను, ఈ ఎడమ మోకాలొకటి పొద్దుట్నించీ పేచీ పెడుతోంది. అంతమాత్రాన చల్లబడ్డాననుకోకండి.

ఏంటీ? అడుగున ఏముందా? ట్యాంకు అడుగునా? ఉండాల్సిందే ఉంది. ఇసుక. చేపల ట్యాంకు అడుగున ఇసుక కాకపోతే తివాచీ పరుస్తారా? మీరు మాట మార్చకండి. ముందు నేను చెప్పేది పూర్తిగా వినండి, మీ ప్రశ్నలు తర్వాత.

రేపు ఆదివారం. రేపు మా కోడలు మీ షాపుకి వస్తుంది. "ఆ షాపాయన్ని నేనే వెళ్ళి కడిగి పారేస్తాను, మీరు ఊరుకోండి మామయ్యగారూ" అంది, ఇంట్లో అందరి ముందూ. ఆవిడ సంగతి మీకు తెలీదు. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. "ఊపిరి బిగబట్టండి" అందంటే ఎంతటి వస్తాదైనా బిగబట్టాల్సిందే, ఆవిడ "వదలండి" అనేదాకా వదలడానికి లేదు. అలాంటి మనిషి వచ్చి ఈ గాజుబల్ల అవతల నిలబడితే మీరేమైపోతారో అని ఒకరోజు ముందు చెప్పిపోదామని వచ్చాను. నిజానికి మీ మేలు కోరే వచ్చాను నేను.

నవ్వకండి. ఇందులో నవ్వడానికేం లేదు.

మీరు నన్ను రెండు మూడుసార్లు చూశారు గానీ, నేనెవర్నో మీకు తెలీదు. వాటర్ వర్క్స్‌లో ముప్ఫై నాలుగేళ్ళు చేశాను బాబూ. ఫిల్టర్ హౌస్‌లో. ఈ ఊళ్ళో కుళాయి తిప్పిన ప్రతివాడూ నా చేతి మీదుగా వచ్చిన నీళ్ళే తాగాడు. మీరూ తాగే ఉంటారు. పైన ఇసుక, దాని కింద సన్న కంకర, దాని కింద లావు కంకర, ఏ పొర ఎంత మందం ఉండాలో కళ్ళు మూసుకుని చెప్తాను. ఇసుక గుప్పెట్లో పట్టుకుని నలిపానంటే దాని వయసు చెప్తాననేవారు మావాళ్ళు.

అలాంటి మనిషి రిటైరైతే ఏమవుతాడు? మర్నాడే ఇంట్లో కుళాయిలన్నీ విప్పాను. వారం తిరక్కుండా వాషింగ్ మెషిన్ విప్పాను. మళ్ళీ బిగించాక అది బట్టలు ఉతకడం మానేసి నడవడం మొదలెట్టింది. ఒట్టండీ! బాత్‌రూంలో మొదలై వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగింది. వైరు అందక ఆగింది గానీ లేకపోతే వీధిలోకే వెళ్ళేది. మావాడు లిఫ్టు మెకానిక్కు. వాడు చేతులు జోడించి, "నాన్నా, నీకు దణ్ణం పెడతాను, ఇంట్లో ఇంక దేన్నీ ముట్టుకోకు" అన్నాడు. మా ఆవిడ స్క్రూడ్రైవర్లు పట్టుకెళ్ళి బియ్యం డబ్బాలో దాచేసింది.

పొద్దున్నే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఇహ ఏం చెయ్యాలో తోచక ఫ్యాను వంక చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో మీకు తెలీదు. షాపున్నవాళ్ళు మీరు. నేను ఫ్యాను వంక కాస్త ఎక్కువసేపు చూసినా, "నాన్నా, వద్దు" అనేవాడు మావాడు.

అప్పుడండీ, మా కోడలు నాకు ట్యాంకు అడుగు అప్పజెప్పింది.

హాల్లో కిటికీ పక్కన నాలుగడుగుల ట్యాంకు. మీరు చూళ్ళేదు గానీ, లోపల తోటే. పొడుగు గడ్డి, బుల్లి ఆకుల మొక్కలు, వంకర కొయ్య ముక్క, దాని మీద నాచు, మధ్యలో పదకొండు టెట్రా చేపలు, ఒంటిమీద నీలం గీత, ఎర్ర గీత. ఆవిడ చేత్తో పెంచినవి. మొగుణ్ణి కూడా అందులో వేలు పెట్టనివ్వదు. ఒకనాడు సాయంత్రం నేను ఫ్యాను చూస్తున్నాను, ఆవిడ నన్ను చూస్తోంది. దగ్గరికొచ్చి, "మామయ్యగారూ, పైనా మధ్యా ఈదే చేపలున్నాయి గానీ ఈ ట్యాంకులో అడుగున తిరిగేవి లేవు. వేసిన మేత కిందపడి కుళ్ళిపోతోంది. అడుగున ఏ చేప వెయ్యాలో మీరే చూసి తెచ్చిపెట్టండి. ఇవాళ్టి నించీ పైన నా డ్యూటీ, అడుగు మీ డ్యూటీ" అంది.

డ్యూటీ అంది బాబూ! ఏడు నెలల తర్వాత ఆ మాట విన్నాను. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

అందుకే ఇంత గోల చేస్తున్నాను. ఆ అడుగు కూడా పోయిందనుకోండి, ఆ ఇంట్లో నాకింక ఫ్యానే గతి.

మొదట్లో తప్పులు చేశాను, కాదనను. మొదటిది మార్కెట్లో బండి మీద కొన్నాను. ఎలా ఎంచుకున్నానంటారా? మీసాలు చూసి. మూరెడేసి మీసాలు! నాకూ ఉన్నాయి కదా, చూడగానే మనవాడే అనిపించింది. తెచ్చి వేశాను. రెండు రోజులు కొయ్యముక్క కింద పెద్దమనిషిలా కూర్చుంది. మూడోనాడు టెట్రాలు లెక్కపెడితే పది. వారానికి ఏడు. "ఎక్కడో దాక్కున్నాయేమోరా" అన్నాను. "దాని పొట్టలో దాక్కున్నాయి నాన్నా" అన్నాడు మావాడు. పాపం దాని తప్పేం లేదని తర్వాత మీరే చెప్పారు నాకు, నోట్లో పట్టినదల్లా మింగడం దాని నైజమని. నేను మీసం చూశాను గానీ నోరు చూళ్ళేదు.

రెండోది కింది వాటాలో టైలరు ఊరికే ఇచ్చాడు. గాజుకి మూతి ఆనించి పాచి నాకే సక్కర్ చేప. బకెట్టుతో సహా ఇచ్చి, థాంక్స్ కూడా వినకుండా మెట్లు దిగి పరిగెత్తాడు. అప్పుడే అనుమానం రావాలి నాకు! మోచెయ్యంత ఉంది. ఒక్క పూటలో ట్యాంకు మొత్తం దున్నేసింది. సాయంత్రం కోడలు ఇంటికొచ్చేసరికి మొక్కలన్నీ పైకి తేలి ఉన్నాయి. చెప్పులైనా సరిగ్గా విప్పకుండా వచ్చి చూసింది. అలాగే ట్యాంకు ముందు కూర్చుని, పొడుగు పట్టకారుతో ఒక్కో మొక్కా మళ్ళీ నాటుకుంది, గంటన్నర. నేను టార్చి పట్టుకున్నాను. ఒక్క మాట అనలేదు బాబూ. అంటే బావుండేది.

ఆ రెండిటినీ మీరేగా తీసుకుని మీ పెద్ద తొట్లో వేసుకున్నారు. అదిగో, నా మీసాలోడు! ఇంకా లావెక్కాడే!

అప్పుడావిడ ఎక్స్‌రే కవరు వెనకాల రాసిచ్చింది, ఎలాంటి చేప కావాలో. నోరు చిన్నదై ఉండాలి. వేలెడు మించి పెరగకూడదు. మొక్కల వేళ్ళు పెకలించకూడదు. పక్కవాళ్ళ జోలికి పోకూడదు, తనవాళ్ళతో కలిసిమెలిసి ఉండాలి, మన ట్యాంకులో నీళ్ళ వెచ్చదనం దానికీ పడాలి. మా ఆవిడ అది చదివి, "ఇలాంటి కాగితం నా పెళ్ళికి ముందు ఎవరైనా రాసిచ్చి ఉంటే ఎంత బావుండేది" అంది. నేను కవరు లాక్కుని జేబులో పెట్టుకున్నాను.

ఆ కవరూ, ఆ రెండు చేపల బకెట్టూ పట్టుకునే కదూ మొదటిసారి మీ దగ్గరికొచ్చాను? మధ్యాహ్నం రెండింటికొస్తే మీరు షట్టర్ దించే వేళయింది. ఎంత ఓపిగ్గా చూపించారండీ! అద్దంలా ఉండి ఎముకలు కనపడే జెల్ల చూపించారు. "మా కోడలు రోజంతా చూసే ఎముకలు చాలవా, ఇంటికొచ్చి కూడానా" అన్నాను. పైగా అది అడుగున ఉండదు, నడిమధ్యే ఈదుతుందని మీరే అన్నారు. తర్వాత వెల్లకిలా ఈదేదొకటి చూపించారు. అది చచ్చిందనుకుని మా ఆవిడ పూటకోసారి కేకలు పెడుతుందని వద్దన్నాను. అప్పుడు తీశారు మీరు, ఈ కోరీ జెల్లల్ని. చుక్కల చొక్కాలేసుకుని, పొట్టి మీసాలతో. కవరు మీద ఉన్నవన్నీ ఒక్కొక్కటే చదివాను, అన్నిటికీ మీరు తలూపారు.

ఒకటి చాలన్నాను. ఆరుకి తక్కువైతే ఇవ్వనన్నారు. వ్యాపారం తెలివితేటలు అనుకున్నాను అప్పుడు, తప్పే. ఇంటికెళ్ళాక తెలిసింది. ఆరూ ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరుగుతాయి, ఒకటి వెనకబడితే మిగతావి ఆగుతాయి. మా షిఫ్టువాళ్ళు క్యాంటీన్‌కి వెళ్ళేటప్పుడు అలాగే వెళ్ళేవాళ్ళం.

ఎంత ముచ్చటగా ఉండేదనుకున్నారు! పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ట్యాంకు ముందు కూర్చునేవాణ్ణి. కన్ను కొడతాయండీ అవి! మొదటిసారి నాకు కన్ను కొడితే చుట్టూ చూశాను, ఎవరైనా చూశారేమో అని. ఉన్నట్టుండి ఒకటి సర్రున పైకి వెళ్ళి గుక్కెడు గాలి పీల్చి కిందికొస్తే, ఊపిరాడక చస్తోందనుకుని మీకు ఫోన్ చేశాను గుర్తుందా? అది వాటి అలవాటే, కంగారు పడొద్దన్నారు. లాగ్‌బుక్ కూడా పెట్టాను. నీళ్ళ వేడి ఎంత, మేత ఎన్నింటికి వేశాను, కింద "ఆరుగురూ హాజరు" అని రాసి సంతకం. కోడలు డ్యూటీ నించి రాగానే చెప్పులు విప్పుతూ, "రిపోర్టు ఏంటి మామయ్యగారూ?" అనేది. నేను చదివి వినిపించేవాణ్ణి. మావాడు మా ఇద్దర్నీ చూసి తల పట్టుకునేవాడు.

నెలా పదిరోజులు. అంత సంతోషంగా నేను సర్వీసులో కూడా లేను.

అదిగో మళ్ళీ! అడుగున ఏముందని అడుగుతారేంటండీ అస్తమానం? మీరు చేపలమ్ముతారా, పునాదులు తవ్వుతారా?

బుధవారం సంగతి చెప్పనివ్వండి. పొద్దున టిఫిన్ దగ్గర మావాడు ప్లేటు పట్టుకుని ట్యాంకు ముందు నిలబడ్డాడు. ఎన్నడూ లేనిది ఆ రోజే చూడాలా వాడు! "వీటి మీసాలేవీ?" అన్నాడు. అని, నెమ్మదిగా నా వైపు తిరిగాడు. ఆ చూపు నాకు తెలుసు, వాషింగ్ మెషిన్ నడిచిననాటి చూపు. "నాన్నా..." అని ఇంకా దీర్ఘం తీస్తున్నాడు, వంటింట్లోంచి కోడలు ఒక్క అంగలో వచ్చేసింది. "ఆ షాపువాడిదే తప్పు. జబ్బు చేపలు అంటగట్టాడు పెద్దాయనకి. ఆదివారం సెలవే కదా, నేనే వెళ్ళి కడిగి పారేస్తాను" అంది.

నేనేమన్నానా? నేనేమంటాను! గ్లాసులో కాఫీ అయిపోయింది, అయినా తాగుతూనే ఉన్నాను.

మూడు రోజులుగా ఇంట్లో మీకు ఒకటే తిట్లు. మా ఆవిడైతే మిమ్మల్ని చూడనైనా చూళ్ళేదు, మీ మొహం చూస్తేనే మోసం తెలిసిపోతుందంటోంది.

అందుకని నేను అడిగేదేంటంటే బాబూ... చిన్న సాయం. రేపు మా కోడలు వచ్చి అరిస్తే, మీరు ఊరికే "అవునమ్మా, పొరపాటైంది, ఆ గుంపులో ఏదో జబ్బుంది" అనెయ్యండి. అంతే. మీదేం పోయింది? రోజుకి వందమంది వస్తారు, ఒకరు అరిచి పోతారు. నాకేమో...

ఏంటి సీసా అలా పైకెత్తుతున్నారు? చేప బెదురుతుంది, దించండి. వెలుతురులో పెట్టి ఏం చూస్తారు? అడుగునా? ఏదో నలుసు. వలతో పట్టేటప్పుడు వచ్చుంటుంది.

అయ్యో, వేళ్ళతో నలపకండి! తెగుతుంది.

...

సరే. సరే బాబూ. మీకు తెలిసిపోయింది. మీకు నేను గడప దాటినప్పుడే తెలిసిపోయినట్టుంది.

పలుగురాయి. నలగ్గొట్టిన పలుగురాయి నలుసులు. మా ఫిల్టర్ హౌస్‌ది.

ఎందుకు వేశానంటే ఏం చెప్పను! కోడలు పరిచిన ఇసుక మైదాపిండంత మెత్తగా ఉంది. ముప్ఫై నాలుగేళ్ళు చేసిన చెయ్యి ఇది, దాన్ని ముట్టుకోగానే ఒప్పుకోలేదు. మా దగ్గర గుండ్రటి మెత్తటి ఇసుక వస్తే లారీ వెనక్కి పంపేసేవాణ్ణి. మెత్తటిది అట్ట కట్టేస్తుంది, నీళ్ళు దిగవు. గింజ కోసుగా, గరుగ్గా ఉండాలి, గింజకీ గింజకీ సందుండాలి. అది మాకు వేదం. ఇంకేముంది, నా డ్యూటీ అన్నారుగా, నా పద్ధతిలో చేద్దామనిపించింది. పాత షిఫ్టు మేస్త్రీని అడిగితే మూల పడున్న సంచీ ఒకటి ఇచ్చాడు. ఇంట్లో ఎవరూ లేనిది చూసి, ముందు భాగంలో మొక్కలు లేని చోట మెత్తటి ఇసుక తీసేసి, ఇది పరిచాను. ఏడు నీళ్ళు కడిగి మరీ పరిచాను. ఎంత తెల్లగా ఉందనుకున్నారు! సాయంత్రం కోడలు చూసి, "ఇసుక మెరుస్తోందే మామయ్యగారూ" అంది. "కడిగాను" అన్నాను. అబద్ధం కాదు కదా? కడిగాను కదా?

నీళ్ళ కోసం వేశాను బాబూ. చేప సంగతి ఆలోచించలేదు. నా సర్వీసంతా ఇసుక మీద నీళ్ళే చూశాను, ఇసుక మీద ప్రాణి ఎప్పుడూ లేదు.

పొద్దస్తమానం నేలలో మొహం పెట్టి వెతుక్కునేవి అవి. ఆ మీసాలతోనే తిండి వెతుక్కుంటాయని మీరు చెప్పారు కూడా. నేను మేత వేసేది సరిగ్గా ఆ రాళ్ళ మీదే. ఆబగా వచ్చి మొహాలు దూర్చేవి. నేనేమో కాఫీ తాగుతూ ముచ్చటపడేవాణ్ణి.

బుధవారం మావాడు అన్నాక, అందరూ పనులకి వెళ్ళాక, నా వేలు అందులో పెట్టి వాటిలాగే కాసేపు అటూ ఇటూ రాశాను. ఇదిగో, ఈ గీతలు. అయిదు నిమిషాలకే ఇలా అయింది. నెలరోజుల్నించీ వాటి మొహాలు... ఏడుపొచ్చింది బాబూ. అరవై దాటాక చేప కోసం ఏడుస్తాననుకోలేదు.

మరి వెంటనే తీసెయ్యొచ్చు కదా అంటారు. ఎలా తియ్యను? మా ఆవిడ హాల్లోంచి కదలదు. నేను బకెట్టు పట్టుకుంటే చాలు, ఏం విప్పుతున్నావని అడుగుతుంది. ప్రస్తుతానికి మేత మాత్రం మొక్కల వైపు వేస్తున్నాను. సోమవారం ఆవిడ చెల్లెలి ఇంటికి వెళ్తుంది, అప్పుడు మార్చేద్దామనుకున్నాను. ఈలోగా ఆదివారం వచ్చి పడింది.

ఏమన్నారు? మళ్ళీ అనండి. పెరుగుతాయా?

నిజంగా పెరుగుతాయా మీసాలు? మొదలు మిగిలుంటే చాలా? ఉంది, మొదలుంది, చూడండి, ఇక్కడ కాస్త ఉంది! మెత్తటి ఇసుక వేసి, నీళ్ళు శుభ్రంగా ఉంచితే... నీళ్ళు నాకొదిలెయ్యండి బాబూ! నీళ్ళు శుభ్రంగా ఉంచడం ఒకరు నాకు చెప్పాలా! మీ నోట్లో చక్కెర పొయ్య! ఇందాక అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. జెల్ల కొట్టారని కూడా అన్నాను కదూ. అదీ తీసేసుకుంటున్నాను.

ఆ? కోడలికి చెప్పాలా?

ఇప్పుడా? ఫోన్లోనా? డ్యూటీలో ఉంటుందండీ. మధ్యలో ఎవరి కాలో చెయ్యో బల్ల మీద ఉంటుంది. పైగా ఏమని చెప్పను? ముప్ఫై నాలుగేళ్ళలో వాల్వు తేడా వస్తే పాత వాల్వన్నాను, పంపు ఆగితే కరెంటన్నాను. నా నోటి వెంట "నాదే తప్పు" అనే మాట మా ఆవిడ ఇంతవరకూ వినలేదు, కావాలంటే అడగండి.

అలా చూడకండి.

చేస్తాను. చేస్తానండీ. ఈ బటన్లేంటో, ఒకటి నొక్కితే ఇంకోటి పడుతోంది.

హలో... ఆఁ, అమ్మా, నేనే. కాదు కాదు, ఒంట్లో బానే ఉంది. మీ అత్తయ్య కూడా బానే ఉంది. ఊరికే... పనిలో ఉన్నావా? ఉంటే తర్వాత... లేవా. సరే. అదీ... నీళ్ళు నమలడం లేదమ్మా, చెప్తున్నాను. చేపల మీసాల సంగతి. షాపాయన తప్పేం లేదు. చేపలు మంచివే. అడుగున ఇసుక మార్చాను. నేనే మార్చాను. కడిగానని చెప్పాను చూడు, అది... తప్పు నాదే తల్లీ. నాదే. హలో? హలో, ఉన్నావా?

...

ఆఁ? ఎప్పట్నించీ?... మరి అప్పుడే ఎందుకు... ఓహో... అవునా... మరి ఆదివారమని ఎందుకన్నావ్?... ఆఁ... పాపం, ఆ షాపాయన్నెందుకమ్మా ఇరికించావు?... ఆఁ... సరే. సరే తల్లీ. తెస్తాను. అదే తెస్తాను. ఆఁ, ఉంటాను.

పెట్టేసింది. ఎవర్నో స్ట్రెచర్ మీద తీసుకొచ్చారట.

ఉండండి, కాస్త మంచినీళ్ళిస్తారా? మీరు తాగే నీళ్ళే, ట్యాంకువి కాదు.

తెలుసట బాబూ ఆవిడకి! ఇసుక మెరుస్తోందని అన్ననాడే తెలుసట. ఎముకలో వెంట్రుకవాసి చీలిక పట్టుకునే మనిషికి కళ్ళెదురుగా ఉన్న రాయి కనపడదా? పెద్దాయన ముచ్చటపడి వేశారు, పోనీలే అనుకుందట. రాళ్ళ వల్ల మీసాలు అరుగుతాయని తనకీ తెలీదట. బుధవారం మావాడు "వీటి మీసాలేవీ" అన్న క్షణంలో తనకీ అర్థమైందట. వాడు "నాన్నా" అని నోరు తెరవగానే, ఇహ నన్ను ట్యాంకు ముట్టుకోవద్దంటాడని భయమేసిందట. అందుకే వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి మీ పేరు చెప్పేసింది.

మీరిచ్చినవి జబ్బు చేపలు కావని తెలిసే చెప్పింది!

"ఆదివారమని ఎందుకన్నావ్" అంటే, "ముందురోజు మీరే వెళ్ళి ఇసుక అడుగుతారనుకున్నాను మామయ్యగారూ, నేను చెప్పి చేయించడమెందుకు, అడుగు మీ డ్యూటీ కదా" అంది. రేపు రావడం లేదట మీ మీదికి. వస్తే మీకు క్షమాపణ చెప్పడానికే వస్తానంది. సాయంత్రం ఇద్దరం కూర్చుని ఆ రాళ్ళు తీసేద్దామంది. అత్తయ్యగారికి తనే చెప్పుకుంటానంది. "పాపం, ఆ షాపాయన్నెందుకమ్మా ఇరికించావు" అని కూడా అడిగాను. ఏమందో తెలుసా? "ఆయన డ్యూటీ ఎవరూ పీకెయ్యరు కదా మామయ్యగారూ" అంది.

నా కోసం ఒకరు అబద్ధం ఆడారు బాబూ. నా సర్వీసులో నాకు ఒక్కడూ అలా అడ్డం నిలబడలేదు, నేనూ ఎవరికీ నిలబడలేదు. కళ్ళేం తుడుచుకోవడం లేదు, నీళ్ళు పడ్డాయి.

ఆ మెత్తటి ఇసుక రెండు సంచులు కట్టండి. చేప ఇక్కడ ఉండనక్కర్లేదు, నాతో వస్తుంది, అయిదుగురూ ఎదురుచూస్తుంటారు.

ఇంకొక్క మాట. మీకు కోపం రావాలి. న్యాయంగా రావాలి. నేను చేసిన పనికి మా ఇంట్లో మూడు రోజులు మిమ్మల్ని తిట్టారు, పైగా నేనొచ్చి మీ షాపులో మీ మీదే అరిచాను. ఏం తిడతారో తిట్టండి, గట్టిగా తిట్టండి, పడతాను. కానీ నన్నే తిట్టండి. ఆ పిల్లని మాత్రం ఒక్క మాట అన్నారో, నేనూరుకోను!